మన దుడ్లు, మన సోకు

బళ్ళారి జిల్లా కురుగోడు నుంచి మాట్లాడుతున్నాను.

మా వైపు ఇళ్ళల్లో చేతికొచ్చే ప్రతి రూపాయికీ ముందే ఒక పేరు ఉంటుంది. మిరపనారుకు ఇంత, ఎరువులకు ఇంత, కలుపు తీసే కూలీలకు ఇంత, పిల్లల ఫీజుకు ఇంత, సంఘంలో కట్టే కంతుకు ఇంత. దుడ్లు ఇంట్లోకి రాకముందే పంపకాలు అయిపోతాయి. ఆ పంపకాలన్నీ పోగా, ఏ పేరూ లేకుండా అడుగున ఇరవయ్యో యాభయ్యో మిగులుతుంది చూడండి, దాన్ని మనిషి ఏం చేస్తాడు, ఏం చేస్తుంది అన్నదే ఈ పూట నా ప్రసంగం. రెండు మూరల మల్లెలు. ఒక ప్లేటు బజ్జీలు. లేత ఆకు, మంచి వక్క. పరసలో గాజులు. నాటకంలో ఒక్క రాత్రి వేషం. వీటిని మన పెద్దవాళ్ళు సోకు అన్నారు, దండగ అన్నారు. దండగ కాదని నా నమ్మకం. ఎందుకు కాదో మా ఊరి నుంచే మొదలుపెట్టి చెబుతాను.

పొద్దున ఏడు గంటలకు కురుగోడు బస్టాండు చుట్టుపక్కల ఏ చిన్న హోటలు ముందు నిలబడినా తిరగమోత వాసన వస్తుంది. అక్కడ చేసే ఫలహారాన్ని అనంతపురం, కర్నూలు వాళ్ళు ఉగ్గాని అంటారు. మా కన్నడం పక్కింటివాళ్ళు మండక్కి ఒగ్గరణె అంటారు. మా ఊళ్ళో ఈ రెండు పేర్లూ ఒకే బల్ల దగ్గర వినిపిస్తాయి. చేసేది పెద్ద పని కాదు గానీ చేయి తిరిగి ఉండాలి. బొరుగులు నీళ్ళలో వేసి మెత్తబడగానే గట్టిగా పిండి తీయాలి, ఆలస్యమైతే ముద్దయిపోతాయి. నూనెలో ఆవాలు, ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు, కరివేపాకు, పసుపు. అందులో బొరుగులు వేసి కలిపి, పైన పప్పుల పొడి చల్లి, కొత్తిమీర వేసి నిమ్మకాయ పిండుతారు. పక్కన మిరపకాయ బజ్జి లేకపోతే ఆ ప్లేటు నిండదు. బజ్జీకి కావలసింది పొడవుగా, కారం తక్కువగా ఉండే కాయ. దాన్ని నిలువుగా చీల్చి, లోపల వాము, ఉప్పు, చింతపండు పూసి, శెనగపిండిలో ముంచి, కాగే నూనెలో వదులుతారు.

ఆ బల్లల మీద ఎవరు కూర్చుంటారో చూడండి. తెల్లవారుజామున నీళ్ళు కట్టి వచ్చిన రైతు, బేల్దారి మేస్త్రి, లారీ డ్రైవరు, బళ్ళారి బస్సు దిగిన మాస్టరు. ఉగ్గాని వీళ్ళ ఇళ్ళల్లోనూ చేస్తారు, ఇంట్లో అయితే సగం ఖర్చుకే అవుతుంది. అయినా ఇక్కడికే వస్తారు. తిండి కోసమే అయితే ఇల్లు చాలు. ఇక్కడ కొనుక్కునేది వేరే. వేడి వేడి ప్లేటు ఒకరు తెచ్చి ముందు పెడతారు. ‘ఇంకో బజ్జి వెయ్యనా అన్నా’ అని అడుగుతారు. ప్లేటు కడిగే పని ఉండదు. పది నిమిషాలు ఎవరి పనీ నెత్తిన ఉండదు. రోజంతా ఇతరులు చెప్పిన పని చేసే మనిషికి, తనకు ఏం కావాలో తానే చెప్పి తెప్పించుకునే సందర్భం ఆ రోజు మొత్తంలో అదొక్కటే కావచ్చు. ముప్పయ్యో నలభయ్యో రూపాయలకు అంత దొరకడం చిన్న సంగతేమీ కాదు.

ఈ ఖర్చు పంటతో పాటే పెరుగుతుంది, పంటతో పాటే ఆగుతుంది. 1953లో తుంగభద్ర డ్యాము పూర్తయి కాలువల్లో నీళ్ళు పారాక ఈ జిల్లాలో వరి, మిరప విస్తరించాయి. ఎండుమిరప బస్తాలు లారీలకెక్కి హావేరి జిల్లా బ్యాడగి మార్కెట్టుకు వెళతాయి. ధర పలికిన ఏడు రైతు తిరిగి వచ్చేటప్పుడు చేతిలో ఒక సంచి ఉంటుంది. అందులో పిల్లలకు మిఠాయి, ఇంట్లోకి ఒక చీర, తనకు ఒక మంచి తువ్వాలు. 2024 మార్చిలో బ్యాడగిలో ధర ఒక్కసారిగా పడిపోయి, రైతుల కడుపుమంట మార్కెట్టు కార్యాలయం మీద నిప్పై పడింది. పేపర్లలో మీరు చదివే ఉంటారు. అలాంటి ఏడు ముందుగా కోత పడేది అప్పు కంతుకు కాదు, ఫీజుకు కాదు. ఆ సంచికి పడుతుంది. ఊళ్ళో పరిస్థితి ఎట్లా ఉందో తెలుసుకోవాలంటే నేను బ్యాంకు లెక్కలకన్నా ముందు పూలమ్మే ఆమె గంపలో సాయంత్రానికి ఎన్ని మిగిలాయో చూస్తాను.

పూల సంగతి వచ్చింది కాబట్టి కొంచెం వెనక్కి వెళదాం. మాకు హంపి దూరం కాదు, కంప్లి మీదుగా వెళితే కాసేపట్లో చేరతాం. 1443లో, ప్రౌఢ దేవరాయల కాలంలో, హేరాతు నుంచి తైమూరు కొడుకు షారుఖు పంపిన రాయబారి అబ్దుర్ రజాక్ విజయనగరానికి వచ్చాడు. ఆయన రాసిపెట్టిన వాటిలో ఏడు ప్రాకారాల కోట ఉంది, ఏనుగులు ఉన్నాయి, రత్నాల అంగళ్ళు ఉన్నాయి. నన్ను పట్టుకున్నది మాత్రం గులాబీల మాట. ఆ పట్నంలో ఎక్కడ చూసినా గులాబీలు అమ్ముతున్నారనీ, ఇక్కడి జనానికి తిండి ఎంత అవసరమో గులాబీలూ అంతే అవసరమనీ ఆయన గుర్తించాడు. తాంబూలం గురించీ ఎంతో ఇష్టంగా రాశాడు, రాజు తనకు ఆకు, కర్పూరం ఇప్పించి మర్యాద చేసిన సంగతి కూడా దాచలేదు. పరదేశం నుంచి వచ్చిన మనిషి ఇక్కడి వాళ్ళ పూల ఖర్చును తప్పుబట్టలేదు. చూసింది చూసినట్టు అవసరాల వరుసలో చేర్చాడు. ఆ చూపు నాకు నచ్చింది.

ఆ తర్వాతి శతాబ్దంలో అదే నగరంలో అల్లసాని పెద్దన ఉన్నాడు. ఆయన పేరున చెప్పుకునే చాటుపద్యం మీలో చాలామందికి కంఠస్థం ఉంటుంది. ఊరికే కృతి చెప్పమంటే కుదరదని, తనకు ఏమేం కావాలో అందులో లెక్కపెట్టాడు. అలజడి లేని చోటు, కర్పూర తాంబూలం, మనసుకు నచ్చిన భోజనం, ఊయల మంచం, ఇంకా కొన్ని. కవి కాబట్టి అడిగాడు, రాయలు కాబట్టి ఇచ్చాడు అనుకుని నవ్వి ఊరుకుంటాం. నాకు అది నవ్వులాటగా కనిపించదు. మంచి పని చేయాలంటే ఒంటికీ మనసుకూ కొంత సుఖం అందాలని ఒక పెద్ద కవి బహిరంగంగా చెప్పిన మాట అది. మిరపతోటలో నడుం వంచి కాయ కోసే ఆమెకూ ఆ న్యాయమే వర్తించాలి. ఆమె అడిగేది ఊయల మంచం కాదు. కొంగున కట్టుకున్న వక్కాకు, మధ్యాహ్నం పూట చెట్టు నీడ, అంతే.

ఇక మల్లెలు. హూవిన హడగలి ఇప్పుడు విజయనగర జిల్లాలో ఉంది. 2021లో కొత్త జిల్లా ఏర్పడేదాకా మా బళ్ళారి జిల్లాలోదే. అక్కడి మల్లెకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. హంపి విరూపాక్షుడికి పూలు ఆ ఊరి నుంచే వెళ్ళేవని అక్కడి వాళ్ళు చెప్పుకుంటారు. మల్లెను మా దగ్గర మూర లెక్కన అమ్ముతారు. మోచేతి నుంచి వేలి కొన దాకా మూర. ఆ చేయి పూలమ్మే ఆమెదే కాబట్టి, పొట్టి చేతుల ఆమె దగ్గర కొనేవాళ్ళు ‘కొంచెం సాగదీయక్కా’ అంటారు. ఆమె మూర కొలిచి, తెంపే ముందు ఇంకో నాలుగు వేళ్ళు వదులుతుంది. ఆ నాలుగు వేళ్ళ పూల కోసం ఆమె దగ్గరికే మళ్ళీ వెళతారు. సాయంత్రం కూలి నుంచి వచ్చి, ముఖం కడుక్కుని, తల దువ్వుకుని మూరెడు మల్లెలు పెట్టుకున్న ఆడమనిషి నడకలోనే తేడా తెలుస్తుంది. పొద్దున్నే ఆ పూలు వాడిపోతాయని ఆమెకు తెలుసు. తెలిసే కొనుక్కుంది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. భర్త పోయిన ఆడమనిషి పూలు పెట్టుకోకూడదనే కట్టుబాటు మన ఊళ్ళల్లో ఇంకా చాలా ఇళ్ళల్లో నడుస్తోంది. ఆమె దుడ్లు ఆమెవి, ఆమె జుట్టు ఆమెది. అయినా అంగడి ముందు ఆగి, మనవరాలికని కొని, ఇంటికి పోయేదాకా ఒక్కసారి వాసన చూసుకునే అవ్వలు నాకు తెలుసు. ఇంతకంటే అన్యాయమైన పొదుపు నేను చూడలేదు. ఈ ప్రసంగం వింటున్న ఇళ్ళల్లో అలాంటి అవ్వలుంటే, ఈ సాయంత్రం ఒక మూర ఆమె కోసం కొనండి. ఆమె చేతికివ్వండి.

లేనివాళ్ళు సుఖపడితే ఉన్నవాళ్ళకు లెక్కలు గుర్తుకొస్తాయి. ‘తినడానికి లేదంటాడు, చేతిలో ఫోను చూడు’ అన్న మాట నేను బస్సులో విన్నాను, పెళ్ళిపందిట్లో విన్నాను, చదువుకున్నవాళ్ళ నోటా విన్నాను. ఇది ఇప్పటి మాట కాదు, మన దేశానికే పరిమితమైన మాటా కాదు. 1776లో ఆడమ్ స్మిత్ తన పెద్ద గ్రంథంలో నారబట్ట చొక్కా గురించి రాశాడు. ప్రాణం నిలవడానికి ఆ చొక్కా అక్కరలేదు. పాతకాలం గ్రీకులు, రోమన్లు అది లేకుండానే హాయిగా బతికారు. కానీ తన కాలం యూరపులో మర్యాదగల దినకూలీ అది లేకుండా నలుగురిలోకి రావడానికి సిగ్గుపడతాడు, అందువల్ల అదీ అవసరమే అని తేల్చాడు. అర్థశాస్త్రానికి మూలపురుషుడని పేరున్న మనిషి కూలివాడి చొక్కా దగ్గర ఆగి ఆలోచించాడు.

ఆ చొక్కా మా వైపు జీన్సు ప్యాంటు. బ్రిటిషు దండు బళ్ళారిలో ఉన్న రోజుల్లో సిపాయిల యూనిఫారాలు కుట్టిన దర్జీల పనితనం, తర్వాతి తరాల చేతుల్లో జీన్సు పరిశ్రమగా మారింది. కౌల్‌బజారు సందుల్లో మిషన్ల చప్పుడు వినని వాళ్ళు మా జిల్లాలో తక్కువ. ఊళ్ళ నుంచి వచ్చే కుర్రవాళ్ళు మొదటి జీతంతో కొనేది తరచుగా అదే. అది వేసుకుని బెంగళూరులో ఉద్యోగం అడగడానికి వెళ్ళే పిల్లవాడు, తనను చూడగానే ఊరివాడని ఎవరూ తీసిపారేయకూడదని కోరుకుంటాడు. ఆ కోరిక ఖరీదు ఆ ప్యాంటు.

2019లో నోబెల్ బహుమతి అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ దుఫ్లో 2007లో పేదల ఆర్థిక జీవితం మీద ఒక వ్యాసం ప్రచురించారు. రాజస్థాన్‌లోని ఉదయపూర్ జిల్లా పేద కుటుంబాల ఖర్చులు అందులో ఉన్నాయి. పండుగలకు, మందుకు, పొగాకుకు పెట్టేది తిండి మీద పెడితే వాళ్ళ తిండి ఖర్చు 30 శాతం దాకా పెరిగే వీలుందని లెక్క తేలింది. పెట్టలేదు. ఆ ఇద్దరే తర్వాత రాసిన పుస్తకంలో మొరాకో పల్లెలోని ఒక మనిషి ఉన్నాడు. ఇంట్లో తిండికి కరువు, గదిలో టీవీ మాత్రం ఉంది. ఎందుకని అడిగితే, తిండికన్నా టీవీ ముఖ్యమని చెప్పాడు. పని లేని పల్లెలో, పొద్దు గడవని పల్లెలో ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో మెట్టపొలాల వాళ్ళకు విడమరిచి చెప్పనక్కరలేదు.

మనమైతే టీవీకి ముందు రేడియో చూశాం. మీరు ఇప్పుడు వింటున్న ఈ పెట్టె ఒకప్పుడు పెద్ద సోకు. రేడియో కొంటే పోస్టాఫీసులో లైసెన్సు పుస్తకం తీసుకుని ఏటా రుసుము కట్టాలి. 1980ల నడిమి దాకా ఆ పద్ధతి ఉండింది. తోలుసంచిలో పెట్టిన ట్రాన్సిస్టరు భుజాన తగిలించుకుని పొలానికి వెళ్ళిన వాళ్ళను మీలో పెద్దవాళ్ళు చూసి ఉంటారు. రేడియో సిలోన్‌లో తెలుగు పాటలు వచ్చే వేళకు నలుగురూ గట్టు మీద చేరేవారు. కొన్నది ఒకడు, విన్నది ఊరు. సెల్లులకని అప్పు చేసేవాళ్ళు అప్పుడూ ఉన్నారు. ‘కూటికి లేదు గానీ పాటలు కావాలా’ అన్నవాళ్ళూ ఉన్నారు. ఆ పాటలు విన్నవాళ్ళకు మాత్రం ఆ సాయంత్రాలు ఇప్పటికీ గుర్తున్నాయి.

పాట నుంచి నాటకానికి వస్తాను. బళ్ళారి పేరు చెప్పి నాటకం మాట ఎత్తకపోతే మా పెద్దలు ఒప్పుకోరు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు సరస వినోదినీ సభ నడిపింది బళ్ళారిలోనే. కోలాచలం శ్రీనివాసరావు గారి సుమనోరమ సభ కూడా ఇక్కడిదే. ధర్మవరం వారి మేనల్లుడు బళ్ళారి రాఘవ గారు. 1880లో పుట్టి 1946లో పోయిన ఈ మహానటుడు పఠాన్ రుస్తుం వేషం వేస్తే జనం ఊగిపోయేవారని చెప్పుకుంటారు. ఈ ముగ్గురూ వకీళ్ళే. కోర్టులో సంపాదన, రంగస్థలం మీద బతుకు. పగలు నల్లకోటు, రాత్రి కిరీటం. నాటకం వాళ్ళకు బతుకుతెరువు కాదు. అది లేకపోతే బతుకు రుచించదు, అంతే. రాఘవ గారి పేరున ఇప్పుడు బళ్ళారిలో రాఘవ కళామందిరం ఉంది.

వకీళ్ళ ముచ్చట పల్లెలకు పాకింది. మా చుట్టుపక్కల ఊళ్ళల్లో ఇప్పటికీ పౌరాణిక నాటకాలు ఆడతారు, కన్నడంలో కొన్ని, తెలుగులో కొన్ని. ఊరొకటే, నటులూ వాళ్ళే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్ర వైపు వెళ్ళాయి. గీత పడింది గానీ, దుర్యోధనుడు ఈ వైపు ఏ భాషలో మీసం దువ్వినా జనం చప్పట్లు కొట్టడం మానలేదు.

ఈ నాటకాల లెక్క బయటివాళ్ళకు విచిత్రంగా ఉంటుంది. వేషం వేసినవాడికి దుడ్లు రావు, వేషం వేయడానికి వాడే దుడ్లు ఇస్తాడు. నెలల తరబడి రాత్రుళ్ళు గుడి ముందు హార్మోనియం మాస్టరు పద్యాలు నేర్పుతాడు. మాస్టరుకు ఇవ్వాలి. పట్టణం నుంచి కిరీటాలు, గదలు, జరీ బట్టలు బాడుగకు తేవాలి. ఆడవేషాలకు వృత్తి నటీమణులను పిలిపించాలి. తెరలకు, లైట్లకు, మైకుకు ఇవ్వాలి. వంతులు వేసుకుంటారు. పెద్ద వేషానికి పెద్ద వంతు. అర్జునుడి వేషం దక్కాలని ఏడాదంతా కూడబెట్టే మనిషి పొద్దున లేస్తే ట్రాక్టరు తోలతాడు, లేదా ఇంకొకరి చేలో మందు కొడతాడు. ఒక్క రాత్రి, తెల్లవారే దాకా, అతను రాజు. తల్లి, భార్య, బిడ్డలు, అప్పిచ్చినవాడు, కూలి తగ్గించినవాడు అందరూ కింద కూర్చుని తలెత్తి చూస్తారు. పద్యం నిలబడితే ‘ఒన్స్‌మోర్’ అంటారు. చొక్కాకు అయిదొందల నోటు గుచ్చి పోతారు. తర్వాత ఎన్ని ఏళ్ళయినా ఊళ్ళో అతని పేరు పక్కన ఆ వేషం పేరు చేరి ఉంటుంది. ఇంత మర్యాద అంగట్లో ఏ రేటుకు దొరుకుతుందో చెప్పండి. అయినా పిల్లలు చదువుకుని బయటికి వెళ్ళాక వేషాలకు మనుషులు తగ్గుతున్నారు. మాస్టర్లు ముసలివాళ్ళవుతున్నారు. దీని గురించి నాకు నిజంగా బెంగగా ఉంది. నాటకానికి వంతు వేసుకునే అలవాటు పోతే పల్లెలో మనిషి తనకోసం తాను చేసుకునే ఖర్చుల్లో అన్నిటికన్నా గొప్పది పోతుంది.

ఇప్పుడు కొద్దిగా అంకెలు. కేంద్ర గణాంక శాఖ 2022–23 గృహ వినియోగ సర్వే ప్రకారం పల్లెల్లో మనిషికి నెల ఖర్చు సగటున 3,773 రూపాయలు. అందులో తిండి వాటా 46 శాతం చిల్లర. 1999–2000లో ఇదే వాటా 59 శాతం పైన ఉండేది. ఆ తిండిలోనే టీ, చిరుతిళ్ళు, వండి అమ్మే పదార్థాల వాటా మొత్తం ఖర్చులో 9.62 శాతం. రూపాయల్లో చెబితే నెలకు 363, రోజుకు పన్నెండు. బస్టాండు దగ్గరి టీ, బజ్జి అన్నీ ఈ పన్నెండు రూపాయల్లోనే. దేశం మొత్తం పల్లె జనాన్ని దుబారా మనుషులని తిట్టేవాళ్ళు ఈ అంకెను ఒకసారి నోట్లో వేసుకుని నమిలి చూడాలి.

ఆడవాళ్ళ సంగతి విడిగా చెప్పాలి. మగవాడి చిన్న సుఖానికి ఊరు ఎప్పుడూ అనుమతి ఇచ్చింది. హోటలు బల్ల అతనిది, రచ్చకట్ట అతనిది, బీడీ అతనిది. ఆడమనిషి చేతిలో దుడ్లే లేవు, ఉన్నా వాటికి లెక్క చెప్పాలి. కర్ణాటకలో 2023 జూన్ 11 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ మామూలు బస్సుల్లో టిక్కెట్టు ఖర్చు లేదు. అదే ఏడు ఆగస్టు 30న గృహలక్ష్మి మొదలైంది, ఇంటి యజమానురాలి ఖాతాలో నెలకు 2,000 రూపాయలు. ఈ పథకాల మంచిచెడ్డలు, ఖజానా లెక్కలు వాదించుకునేవాళ్ళు వాదించుకోనీండి. నేను చూసింది చెబుతాను. ఆ దుడ్లలో ఎక్కువ భాగం బియ్యానికీ మందులకూ పిల్లల పుస్తకాలకే పోతాయి. కానీ ఒక కొసన కొంచెం మిగులుతుంది. బళ్ళారి వెళ్ళే బస్సులో ఇప్పుడు అక్కచెల్లెళ్ళు ఇద్దరూ ముగ్గురూ కలిసి కనిపిస్తారు. బెంగళూరు రోడ్డులో జాకెట్టు గుడ్డ చూసుకుని, ఒక హోటలులో మసాలా దోశ తిని, కాఫీ తాగి, సాయంత్రం బస్సుకు తిరిగి వస్తారు. ‘నలభై ఏళ్ళలో మొదటిసారి నా దోశకు నేను దుడ్లిచ్చినా’ అని ఒక అక్క నాతో అన్నది. అట్లా అంటూ ఆమె నవ్విన నవ్వు ఏ బడ్జెట్టు పుస్తకంలోనూ ఎక్కదు.

2024లో బెళగావి జిల్లాలో ఒక పెద్దావిడ గృహలక్ష్మి దుడ్లు కూడబెట్టి ఊరందరినీ పిలిచి ఓళిగల భోజనం పెట్టిన వార్త మీకు గుర్తుండే ఉంటుంది. తన కోసం ఏమీ కొనుక్కోలేదే అని కొందరు అన్నారు. ఆమె కొనుక్కున్నదే అది. పెట్టే చేయి తనది కావాలని ఆమెకు ఎన్నాళ్ళ నుంచో ఉండి ఉంటుంది.

అన్ని ఖర్చులూ ఒకటి కావు. సారాయి, గుట్కా, ఫోనులో ఆడే జూదం, వీటిని నేను ఈ లెక్కలో కలపను. ఒకరి సుఖం ఇంటిల్లిపాదికీ ఏడుపైతే దాన్ని సోకు అనే ముచ్చటైన మాటతో పిలవలేం. గుట్కాను కర్ణాటక 2013లోనే నిషేధించింది, అంగళ్ళల్లో పొట్లాల వరసలు మాత్రం పోలేదు. వారం వారం కట్టే మైక్రోఫైనాన్సు అప్పుతో కొన్న పెద్ద ఫోను కూడా నాకు భయమే. చేతిలో ఉన్న దుడ్లతో కొన్న మల్లెలు మూడో రోజుకు ఎవరినీ అడగవు. అప్పుతో కొన్నది ప్రతి వారం తలుపు తడుతుంది. చిన్న సుఖం చిన్నదిగా ఉన్నంతకాలమే సుఖం. ఇది తెలియక కాదు జనం అప్పు చేసేది. పెళ్ళిళ్ళల్లో, ఫంక్షన్లలో పక్కవాడి ముందు తగ్గకూడదన్న ఒత్తిడి అలాంటిది. పక్కవాడి కోసం పెట్టే ఖర్చు వేరు, మన కోసం పెట్టుకునే ఖర్చు వేరు. మొదటిది తగ్గితే రెండోదానికి చోటు దొరుకుతుంది.

మా ఊళ్ళో దొడ్డ బసవేశ్వరుడి గుడి ఉంది. మూలస్థానంలో ఉన్నది ఏకశిలలో చెక్కిన పెద్ద నంది. శివుడి ముందు కూర్చోవలసిన బసవన్న ఇక్కడ తానే దేవుడు. ఎండలు ముదిరే వేళకు తేరు జరుగుతుంది, ఊరి చుట్టూ పరస కడుతుంది. బెండు బత్తాసు, బొరుగులు, గాజులు, బొమ్మలు, రంగుల రాట్నం. ఆ రోజుల్లో పిల్లల చేతిలో పెట్టే దుడ్లకు లెక్క అడగకూడదని మా అవ్వ ఒక కట్టడి పెట్టింది, మా ఇంట్లో ఇప్పటికీ అదే నడుస్తోంది. పిల్లవాడు పది రూపాయలు తీసుకెళ్ళి ఊదితే మోగే బూర కొంటాడో, రెండు నిమిషాల్లో కరిగే ఐసు కొంటాడో, అది వాడి ఇష్టం. చెడిపోయే వస్తువు ఎందుకు కొన్నావని ఆ రోజు ఎవరూ అనరు.

పరస మాట వచ్చింది కాబట్టి కురుగోడులో హోటళ్ళు నడిపే అన్నలకు ఒక మనవి చేస్తాను. తేరు రోజుల్లో చుట్టుపక్కల పల్లెల నుంచి ఆడవాళ్ళు వందల్లో వస్తారు. ఉగ్గాని తినాలని వాళ్ళకూ ఉంటుంది. ఇప్పుడు వాళ్ళ దగ్గర సొంత దుడ్లు కూడా ఉన్నాయి. కానీ కూర్చునే చోటు లేక పొట్లం కట్టించుకుని గుడి గోడ పక్కన నిలబడి తింటున్నారు. చల్లారిన బజ్జి బజ్జి కాదు, ఆ సంగతి మీకు నేను చెప్పాలా? లోపలి వైపు రెండు బల్లలు వాళ్ళ కోసం వేయండి. గ్లాసులతో మంచినీళ్ళు పెట్టండి. దగ్గరలో ఒక శుభ్రమైన మరుగుదొడ్డి ఉండేలా పురసభ వాళ్ళతో మాట్లాడండి, లేకపోతే వాళ్ళు నీళ్ళు తాగడానికే భయపడతారు. పరస మూడు రోజులకే కాదు, ఏడాది పొడుగునా ఆ బల్లలు అక్కడే ఉండనీండి. ‘ఇంకో బజ్జి వెయ్యనా అక్కా’ అని అడగండి. దుడ్లు వాళ్ళు ఇస్తారు.